థర్డ్ పార్టీ బీమా చరిత్ర: బాధితుడి హక్కు, కొత్త వ్యాపారి మీద బరువు

ఎస్సే పేపర్లో "యువ పారిశ్రామికవేత్తలకు ఎదురయ్యే అవరోధాలు" అన్న అంశం వస్తే మనలో చాలామందిమి పెట్టుబడి కొరత, నైపుణ్య లోపం, అనుమతుల జాప్యం అని మూడు పేరాలు రాసి ముందుకు వెళ్లిపోతాం. నాలుగోది ఒకటుంది, అది మన నోట్సులో దాదాపు ఎక్కడా కనపడదు. మన వ్యాపారం వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే ఆ నష్టం తీర్చడానికి ముందుగానే కట్టాల్సిన బీమా ఖర్చు. దీన్నే బాధ్యత బీమా అంటారు. బండి కాగితాల భాషలో చెప్పుకోవాలంటే థర్డ్ పార్టీ.

ముద్ర రుణంతో ఒక టాటా ఏస్ కొన్న పాతికేళ్ల యువకుడిని ఉదాహరణగా తీసుకుందాం. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 7,500 కిలోల లోపు స్థూల బరువున్న సరుకు రవాణా వాహనానికి ఏడాదికి థర్డ్ పార్టీ ప్రీమియం 16,049 రూపాయలు. పన్ను దీనికి అదనం. మొదటి కిరాయి దొరకకముందే ఇది కట్టాలి. రేపు అతని బండి బోల్తా పడితే ఈ డబ్బులోంచి అతనికి ఒక్క రూపాయి రాదు, సొంత బండి నష్టానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఈ 16,049 పూర్తిగా ఇతరుల కోసం కట్టేది.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ బీమాను తప్పనిసరి చేయడం తప్పని నేను అనడం లేదు. రోడ్డు మీద చనిపోయిన కూలీ కుటుంబానికి పరిహారం అందే దారి మన దేశంలో ఇదొక్కటే అన్న సందర్భాలు లెక్కలేనన్ని. నా అభ్యంతరం వేరు. బాధితుడికి డబ్బు అందాలని మన చట్టాలు దశలవారీగా, సరిగానే నిర్ణయించుకుంటూ వచ్చాయి. ఆ డబ్బు ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలన్న ప్రశ్నను మాత్రం ఎప్పుడూ విడిగా కూర్చోబెట్టి అడగలేదు. ఆ అడగని ప్రశ్న బరువే కొత్తగా వ్యాపారంలోకి వచ్చేవాడి మీద పడుతోంది.

తప్పు నిరూపించు, అప్పుడు అడుగు

పాత ఆంగ్ల న్యాయంలో మనిషి చనిపోతే అతని దావా కూడా అతనితోనే పోయేది. 1846లో ఇంగ్లండ్ ఈ నియమాన్ని సడలించింది. రైళ్లు వచ్చాక ప్రమాద మరణాలు పెరగడం దానికి ఒక నేపథ్యం. మన దగ్గర బొంబాయి-ఠాణా రైలు నడిచింది 1853లో. రెండేళ్లకే, 1855లో, ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం వచ్చింది. చనిపోయినవారి భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు పరిహారం అడగవచ్చని చెప్పిన చట్టం ఇది. కాకపోతే అవతలివారి తప్పును నిరూపించాల్సిన భారం వాళ్లదే. ఆ రోజుల్లో రైలు కంపెనీ మీద దావా వేసి తప్పు నిరూపించగల కుటుంబాలు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆ కాలానికి బీమా మన దేశానికి కొత్తేమీ కాదు. 1818లో కలకత్తాలో ఓరియంటల్ లైఫ్, 1850లో అక్కడే ట్రిటాన్ కంపెనీ మొదలయ్యాయి. అయితే సాధారణ బీమా అంటే అప్పట్లో ఓడలోని సరుకు, గిడ్డంగికి అంటుకునే నిప్పు. నా సొత్తుకు నేను చేసుకునే రక్షణ అది. నా వల్ల నీకు కలిగే నష్టానికి బీమా అన్న ఆలోచన చట్టంలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

మొదటి పెద్ద మార్పు 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. 1924 జూలై 1 నుంచి అమలైంది. పనిలో గాయపడిన కార్మికుడు యజమాని తప్పును నిరూపించనక్కర్లేదు, కొన్ని మినహాయింపులు తప్ప యజమాని చెల్లించాల్సిందే. చట్టం చేసినవారి కళ్ల ముందున్నవి మిల్లులు, గనులు, రైల్వేలు. వాటికి ఈ ఖర్చు జమాఖర్చుల పుస్తకంలో ఇంకో పద్దు, అంతే.

తరువాత వచ్చిన 1948 నాటి ఈఎస్ఐ చట్టాన్ని ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైన ఈ పథకంలో చందా జీతాల మీద శాతంగా ఉంటుంది. ఇప్పుడు యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. పది మంది ఉన్న యూనిట్ పది మందికి సరిపడా కడుతుంది, వెయ్యి మంది ఉన్నది వెయ్యి మందికి. వ్యాపారం పెరిగితే చందా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కొత్తవాడిని గుమ్మంలోనే ఆపేయని పద్ధతి ఇది. విచిత్రమేమిటంటే, పదిమంది కన్నా తక్కువమందితో మొదలుపెట్టే చిన్న యజమాని సాధారణంగా దీని పరిధిలోకే రాడు. అతని కార్మికుడికి ఏమైనా జరిగితే 1923 నాటి సూత్రం ప్రకారం మొత్తం బాధ్యత అతనొక్కడిదే. బీమా కావాలంటే బజారు ధరకు కొనుక్కోవాలి. జీఎస్-3లో అనధికార రంగం గురించి రాసేటప్పుడు ఈ పాయింట్ పనికొస్తుంది.

లారీ కథ

అసలు కథ రోడ్డు మీద ఉంది. బ్రిటన్ 1930లో థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. దాన్ని చూసి మన మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చినా, బీమాకు సంబంధించిన ఎనిమిదో అధ్యాయం మాత్రం 1946 జూలై 1న గానీ అమల్లోకి రాలేదు. మధ్యలో ప్రపంచ యుద్ధం గడిచిపోయింది.

ఆ చట్టంలో బీమా కంపెనీ బాధ్యతకు ఒక పరిమితి ఉండేది. సరుకు వాహనానికి మొదట 20,000 రూపాయలు, 1969 సవరణతో 50,000, 1982 సవరణతో లక్షా 50 వేలు. అంతకు మించి పరిహారం పడితే మిగతాది యజమాని నెత్తిన. 1956లో ప్రమాద పరిహార ట్రైబ్యునళ్లకు దారి తెరిచారు. 1982లో తప్పుతో నిమిత్తం లేకుండా మరణానికి 15,000 రూపాయలు చెల్లించాలన్నారు. 1989 జూలై 1 నుంచి అమలైన 1988 చట్టం అన్నిటికన్నా పెద్ద అడుగు వేసింది. మరణం, గాయాల విషయంలో బీమా కంపెనీ బాధ్యతకు పరిమితే తీసేసింది. 1994లో క్లెయిమ్ దాఖలు చేయడానికున్న కాలపరిమితిని కూడా తొలగించారు (2019 సవరణతో ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది).

ఒక్కొక్క అడుగూ బాధితుడికి మేలు చేసిందే. యజమానికీ ఒక రకంగా మేలే, ఎందుకంటే పరిమితి దాటిన మొత్తం అతని ఇల్లు అమ్మించే ప్రమాదం తగ్గింది. మరి పెరిగిన ఖర్చు ఎవరు భరించారు? చాలా ఏళ్లపాటు ఎవరికీ కనపడకుండా ప్రభుత్వ బీమా కంపెనీలు భరించాయి.

ఇది ఎలా సాధ్యమైందో చూడండి. 1971 మేలో ప్రభుత్వం సాధారణ బీమా కంపెనీల యాజమాన్య బాధ్యత తీసుకుంది. 1972 చట్టంతో జాతీయం చేసి, 1973 జనవరి 1 నుంచి 107 సంస్థలను నాలుగు కంపెనీలుగా కలిపింది: కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా. పైన జీఐసీ. రేట్లు టారిఫ్ అడ్వైజరీ కమిటీ పట్టిక ప్రకారం ఉండేవి. ఫ్యాక్టరీల అగ్ని బీమాలో మంచి లాభం వచ్చేది, లారీల థర్డ్ పార్టీలో నష్టం వచ్చేది. ఒక చేతి లాభం ఇంకో చేతి నష్టాన్ని పూడ్చేది. 1969లో బ్యాంకుల జాతీయీకరణ తరువాత అప్పు తెచ్చి మొదటి లారీ కొన్న తరానికి, వాళ్లకు తెలియకుండానే, పెద్ద ఫ్యాక్టరీల అగ్ని బీమా ప్రీమియం ఆసరాగా నిలిచింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల డ్రైవరుగా మొదలై ఓనరుగా మారినవాళ్ల కథలు మనం వింటుంటాం. బ్యాంకు అప్పు గురించి ఆ కథల్లో చెబుతారు, ఈ అదృశ్య సబ్సిడీ గురించి ఎవరూ చెప్పరు.

1999లో ఐఆర్‌డీఏ చట్టం వచ్చి ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. 2007 జనవరి 1న అగ్ని, ఇంజినీరింగ్, సొంత వాహన నష్టం బీమాల రేట్ల నియంత్రణ ఎత్తేశారు. పోటీ మొదలవగానే అగ్ని బీమా రేట్లు గట్టిగా పడిపోయాయి. పెద్ద ఫ్యాక్టరీలకు పండగే. లారీ నష్టాన్ని పూడ్చిన చెయ్యి ఖాళీ అయింది. థర్డ్ పార్టీ రేటు ఒక్కటే నియంత్రణలో మిగిలింది. 2007 ఏప్రిల్‌లో కంపెనీలన్నీ నష్టం పంచుకునేలా మోటార్ థర్డ్ పార్టీ పూల్ ఏర్పాటు చేశారు, దాని నిర్వహణ జీఐసీకి అప్పగించారు. అందరి సొత్తు ఎవరికీ పట్టనట్టు, క్లెయిముల మీద శ్రద్ధ తగ్గి, నష్టాలు పోగుపడి, 2012 మార్చి 31తో పూల్ మూతపడింది. అప్పటికే 2011లో వాణిజ్య వాహనాల థర్డ్ పార్టీ రేట్లను నియంత్రణ సంస్థ ఒక్కసారిగా సగానికి పైగా పెంచింది. ఆ తరువాత కొన్నేళ్లపాటు దాదాపు ఏటా సవరణే.

సరళీకరణ మీద మన పుస్తకాల్లో వ్యాసాలు వందల్లో ఉంటాయి. ఫ్యాక్టరీ బీమా చవకై లారీ బీమా ప్రియమైన ఈ మార్పిడి గురించి రెండు వాక్యాలు కూడా నాకు కనపడలేదు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో కీలకమైన మలుపు ఇదే.

2017 మార్చి చివర్లో దక్షిణాది లారీ యజమానులు ఈ పెంపు మీదే సమ్మెకు దిగారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కూడా సరుకు రవాణా నిలిచిపోయింది. ఏప్రిల్‌లో నియంత్రణ సంస్థ పెంపును కొంత తగ్గించింది. 2018 జూలైలో దేశవ్యాప్త సమ్మెలో డీజిల్ ధర, టోల్‌తో పాటు థర్డ్ పార్టీ ప్రీమియం కూడా డిమాండ్లలో ఉంది. ఆ ఒత్తిడి ఫలితమో ఏమో, ఈ ప్రీమియం మీద 18 శాతంగా ఉన్న జీఎస్‌టీ సరుకు వాహనాల వరకు 2019 జనవరిలో 12 శాతానికి, 2025 సెప్టెంబర్‌లో 5 శాతానికి దిగింది. 2019 సవరణ తరువాత రేట్లు ప్రకటించే పని కేంద్రానికి మారింది, ఐఆర్‌డీఏఐని సంప్రదించి రోడ్డు రవాణా శాఖ నోటిఫై చేస్తుంది.

పట్టికలో ఏముంది

2022 పట్టికను ఒకసారి జాగ్రత్తగా చదవాలి. 7,500 కిలోల లోపు 16,049. 12,000 కిలోల వరకు 27,186. 20,000 వరకు 35,313. 40,000 వరకు 43,950. ఆ పైన ఎంత పెద్దదైనా 44,242. టాటా ఏస్ స్థూల బరువు రెండు టన్నుల లోపే. అదీ, ఏడు టన్నుల లారీ ఒకే వరసలో నిలబడి ఒకే రేటు కడతాయి. 40 టన్నులు దాటిన ట్రైలర్ దానికన్నా ఇరవై రెట్లకు పైగా బరువు, ప్రీమియం మాత్రం మూడు రెట్లు కూడా లేదు. సంపాదనతో పోల్చితే చిన్న బండి మీద బరువు ఎన్ని రెట్లో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి బీమా కంపెనీల సమాధానం ఒకటుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. టాటా ఏస్ గుద్దినా ట్రైలర్ గుద్దినా పోయిన ప్రాణం ఒకటే. పరిహారం బాధితుడి వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్యను బట్టి లెక్క కడతారు. 2009 సరళా వర్మ, 2017 ప్రణయ్ సేథీ తీర్పులు ఈ లెక్కను స్థిరపరిచాయి. బండి చిన్నదని పరిహారం తగ్గదు. ఒప్పుకోవాల్సిందే. కానీ అదే తర్కంతో చూస్తే జాగ్రత్తగా నడిపేవాడికి తక్కువ రేటు ఉండాలి కదా? థర్డ్ పార్టీలో అది లేదు. క్లెయిమ్ లేకుండా నడిపితే వచ్చే నో క్లెయిమ్ బోనస్ సొంత నష్టం బీమాకే వర్తిస్తుంది. ఐదేళ్లు ఒక్క ప్రమాదం లేకుండా నడిపిన యువకుడు, ఏడాదికి రెండు ప్రమాదాలు చేసినవాడు ఒకే మొత్తం కడతారు. అంటే ధర మనిషి ప్రవర్తనను చూడదు, వ్యాపార పరిమాణాన్ని సరిగా చూడదు, తరగతిని మాత్రమే చూస్తుంది.

యాభై లారీలున్న కంపెనీకి కూడా ఒక్కో లారీకి అదే రేటు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ దానికి ఒక లారీ నెలరోజులు షెడ్డులో ఉన్నా మిగతా నలభై తొమ్మిది తిరుగుతుంటాయి. ఒకే బండి ఉన్నవాడికి బండి ఆగితే సంపాదన మొత్తం ఆగుతుంది, బీమా మాత్రం ఏడాదంతటికీ ముందే కట్టేసి ఉంటుంది. రద్దీ సీజన్లో మాత్రమే తిప్పుకుంటాను, అప్పటికే కడతాను అనే వీలు అతనికి ఉండదు.

ద్విచక్ర వాహనాల్లో ఇది ఇంకో రూపంలో ఉంది. ఎస్. రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశం తరువాత 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. ఏటా రెన్యువల్ చేయకుండా తిరిగే బండ్లు ఎక్కువయ్యాయన్నది కారణం. దేశంలో రోడ్డు మీదున్న వాహనాల్లో సుమారు సగానికి బీమా లేదన్నది ప్రభుత్వమే ఒప్పుకునే మాట కాబట్టి కోర్టు ఆందోళన సహేతుకమే. ఫలితం మాత్రం ఇది: డెలివరీ పనికో, చిన్న వ్యాపారానికో 75 నుంచి 150 సీసీ లోపు కొత్త బండి కొనే కుర్రాడు 2022 రేటు ప్రకారం 3,851 రూపాయలు మొదటిరోజే కట్టాలి, ఏడాదికి 714 చొప్పున కాదు.

బీమా కట్టాక అయినా నిశ్చింతగా ఉండవచ్చా అంటే అదీ పూర్తిగా కాదు. లైసెన్సులో లోపం ఉంటే కంపెనీ బాధితుడికి చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని దగ్గర రాబట్టుకునే పద్ధతి ఉంది, 2004 స్వరణ్ సింగ్ తీర్పు దీన్ని వివరంగా చర్చించింది. తేలికపాటి వాహన లైసెన్సు ఉన్నవాడు అదే బరువులోని రవాణా వాహనాన్ని నడపవచ్చా అన్న వివాదం ఏళ్ల తరబడి సాగింది. సరిగ్గా మన టాటా ఏస్ కుర్రాళ్ల వివాదం ఇది. 7,500 కిలోల లోపు నడపవచ్చని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీలు మళ్లీ ప్రశ్నించాయి. చివరకు 2024 నవంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. ప్రీమియం కట్టి కూడా లక్షల రికవరీ నోటీసు భయంతో ఉన్న చిన్న యజమానులకు ఆ తీర్పు పెద్ద ఊరట. పాలిటీ కరెంట్ అఫైర్స్‌లో ఒక లైనుగా చదివి వదిలేసిన కేసు ఇది, మళ్లీ ఒకసారి తీసి చూడండి.

పొరుగు దేశం ఎంచుకున్న దారి

1939 చట్టమే వారసత్వంగా అందిన బంగ్లాదేశ్ పూర్తిగా వేరే దారిన వెళ్లింది. అక్కడి 2018 రోడ్డు రవాణా చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి జాబితా నుంచి తీసేసింది. బదులుగా వాహన యజమానుల చందాతో ఒక సహాయ నిధి పెట్టారు. 2022 నియమాల ప్రకారం మరణిస్తే 5 లక్షల టాకాలు, లారీకి ఏడాది చందా 1,500 టాకాలు. కొత్తగా లారీ కొనేవాడికి మన 16,049తో పోల్చితే ఇది ఏమంత ఖర్చు కాదు. బాధితుడి వైపు నుంచి చూస్తే కథ మారుతుంది. పరిహారం అతని ఆదాయం, వయసు చూడకుండా ఒక స్థిర మొత్తానికి కుదించుకుపోయింది. నిధి ఎంత ఉంటే అంతే. మనం బాధితుడికి పూర్తి హక్కు ఇచ్చి ఖర్చును యజమాని మీద పెట్టాం, వాళ్లు ఖర్చు తగ్గించి హక్కును కుదించారు. రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు అనుకోవడం తేలిక, కానీ మూడో మార్గం లేకపోలేదు. మన ఈఎస్ఐయే దానికి పాత ఉదాహరణ: హక్కు అలాగే ఉంచి, చందాను సంపాదనకు తగ్గట్టు వేయడం.

భోపాల్ నేర్పింది, 1991 చట్టం మరిచింది

ఫ్యాక్టరీల వైపు చరిత్ర 1984 డిసెంబర్ 2-3 రాత్రితో మొదలవుతుంది. భోపాల్ గురించి ఇక్కడ మళ్లీ వివరించను. ఏడాది తరువాత, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు వెలువడింది. ఆ కేసులో 1986 డిసెంబర్ 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని ప్రకటించింది. 1868 నాటి ఆంగ్ల తీర్పులోని మినహాయింపులేవీ ప్రమాదకర పరిశ్రమలకు వర్తించవంది. ఇక్కడివరకు మనందరం చదువుతాం. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: పరిహారం సంస్థ పరిమాణానికి, ఆర్థిక సామర్థ్యానికి తగ్గట్టుండాలి, సంస్థ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. బరువును ఎలా పంచాలన్న ప్రశ్నను మన న్యాయచరిత్రలో సూటిగా తాకిన అరుదైన సందర్భం అది.

1991 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ఈ మాటను సగమే విన్నది. నోటిఫై చేసిన పరిమాణానికి మించి ప్రమాదకర రసాయనాలు వాడే ప్రతి యజమానీ బీమా తీసుకోవాలి. బీమా మొత్తం సంస్థ చెల్లించిన మూలధనానికి తగ్గకూడదు, దానికి ఒక గరిష్ఠ పరిమితి కూడా ఉంది. చూడటానికి సామర్థ్యాన్ని బట్టి ఉన్నట్టే ఉంది. అయితే వివరణలో ఒక మెలిక ఉంది. కంపెనీ కాని యజమానికి, అంటే సొంత పేరు మీదో భాగస్వామ్యంగానో నడిపేవాడికి, మూలధనం అంటే ఆస్తులు, సరుకు నిల్వల మొత్తం మార్కెట్ విలువ. వాటిలో అప్పు తెచ్చి కొన్న యంత్రాలూ ఉంటాయి. ఎక్కువ భాగం అప్పు మీద నడిచే కంపెనీకి లెక్కలోకి వచ్చేది వాటా మూలధనం మాత్రమే. యువకులు మొదట మొదలుపెట్టేది ఎక్కువగా సొంత పేరు మీదే అని వేరే చెప్పాలా?

ఇంకొకటి. 1992 సవరణతో ప్రీమియానికి సమానమైన మొత్తాన్ని పర్యావరణ సహాయ నిధికి కూడా కట్టాలి. అంటే ఖర్చు రెట్టింపు. మరోవైపు ప్రభుత్వాలు, ప్రభుత్వరంగ సంస్థలు సొంత నిధి పెట్టుకుంటే కేంద్రం వాటికి బీమా నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. ఇంత కట్టించి బాధితుడికి ఆ చట్టం మొదట ఇచ్చిన తక్షణ సహాయం మరణానికి 25,000 రూపాయలు, వైద్య ఖర్చుకు 12,500. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు ఆ అంకె ఎంత చిన్నదో అర్థమైంది. ఆదుకున్నది బీమా కాదు, రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ప్రకటించిన కోటి రూపాయలు, జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని డిపాజిట్ చేయమన్న 50 కోట్లు.

భోపాల్ విషయంలో ఒక చేదు వివరం ఉంది. అప్పటికి లక్షణాలు లేకపోయినా తరువాత జబ్బు పడే అవకాశం ఉన్నవారి కోసం బీమా తీసుకోవాలని సుప్రీంకోర్టు 1991లోనే కేంద్రాన్ని ఆదేశించింది. 2023 మార్చి 14న అదనపు పరిహారం పిటిషన్‌ను కొట్టేస్తూ, ఆ బీమా తీసుకోకపోవడాన్ని కోర్టు తీవ్రమైన నిర్లక్ష్యంగా ఎత్తిచూపింది. కొత్త వ్యాపారి ఒక్కరోజు ఆలస్యం చేస్తే చలానా. ప్రభుత్వం మూడు దశాబ్దాలు ఆలస్యం చేస్తే తీర్పులో ఒక పేరా.

పెద్దవాటికి దారి దొరుకుతుందనడానికి అణు రంగం చూడండి. 2010 చట్టం ఆపరేటర్ బాధ్యతను 1,500 కోట్లకు పరిమితం చేసింది, 2015లో అంతే మొత్తంతో జీఐసీ, ఇతర కంపెనీలు కలిసి పూల్ పెట్టాయి. అప్పు విషయంలో చిన్నవాడికీ ఇలాంటి ఏర్పాటుంది: 2000లో మొదలైన సీజీటీఎంఎస్ఈ కింద హామీ లేని రుణం మునిగితే బ్యాంకు నష్టంలో కొంత ట్రస్టు భరిస్తుంది. బ్యాంకు భయాన్ని ప్రభుత్వం పంచుకుంది. కొత్త వ్యాపారి కట్టే బాధ్యత బీమాను పంచుకునే ఏర్పాటు అంత స్థాయిలో కనపడదు.

డ్రోన్ దగ్గరికి వచ్చేసరికి

2021 డ్రోన్ నియమాలు రాసేటప్పుడు ప్రభుత్వం దగ్గర ఖాళీ కాగితం ఉంది. కొత్త రంగం, ఎక్కువగా యువత, అనుమతుల ఫారాలు చాలా తగ్గించామని గర్వంగా చెప్పిన నియమాలు అవి. బీమా నియమానికి వచ్చేసరికి మాత్రం 1988 మోటారు వాహనాల చట్టంలోని థర్డ్ పార్టీ ఏర్పాట్లే డ్రోన్లకూ వర్తిస్తాయని ఒక్క వాక్యంలో రాశారు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు మాత్రం ఇది తప్పనిసరి కాదు. లారీ పరిమితుల మీద, రేట్ల మీద, పూల్ మీద దశాబ్దాల పాటు జరిగిన గొడవంతా వదిలేసి చట్టాన్ని మాత్రం తెచ్చుకున్నారు. లారీకి ఉన్నట్టు ప్రభుత్వం ప్రకటించిన రేట్ల పట్టిక కూడా దీనికి లేదు, కంపెనీ ఎంత చెబితే అంత.

నమో డ్రోన్ దీదీ పథకంలో స్వయం సహాయక సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల సబ్సిడీతో ఇచ్చే ప్యాకేజీలో ఏడాది బీమాను కూడా చేర్చారు. అంటే ఈ ఖర్చు అడ్డంకి అవుతుందని ప్రభుత్వానికి తెలుసు. గుంటూరు మిర్చి తోటల్లోనో కరీంనగర్ వరి పొలాల్లోనో మందు కొట్టడానికి సొంతంగా అప్పు తెచ్చి డ్రోన్ కొన్న డిగ్రీ కుర్రాడికి ఆ ఏడాది కూడా లేదు.

సాధన ప్రశ్న (250 పదాలు): 2007 టారిఫ్ ఎత్తివేత వల్ల ఫ్యాక్టరీ యజమాని, ఒకే లారీ ఉన్న యజమాని ఎదుర్కొన్న ఫలితాలను పోల్చండి. ఈఎస్ఐ చందా పద్ధతిని థర్డ్ పార్టీ బీమాకు వర్తింపజేస్తే బాధితుడి హక్కుకు భంగం కలుగుతుందా? ఉదాహరణలతో చర్చించండి.